నాలుగేళ్ల పిల్లల తరఫున విద్యాశాఖలో మాట్లాడేదెవరు?

పూర్వ ప్రాథమిక విద్య, దాన్ని నడిపించే మండళ్లు, తల్లిదండ్రుల హక్కులు: తరచూ అడిగే ప్రశ్నలు

పదో తరగతి ఫలితాలు రెండు శాతం తగ్గాయంటే కలెక్టరు దగ్గరి నుంచి హెడ్మాస్టరు దాకా సమీక్షలే సమీక్షలు. అంగన్‌వాడీలో నాలుగేళ్ల పిల్ల ఏం నేర్చుకుంటోందని ఆ సమీక్షల్లో అడిగేవాళ్లు అరుదు. అడగాలంటే ఆ వయసు పిల్లల సంగతి తెలిసినవాళ్లు అక్కడ కూర్చుని ఉండాలి. అలాంటివాళ్లకు చోటివ్వాలని మన చట్టాలు, నియమాలు ఇప్పటికే చెబుతున్నాయి. ఏ చట్టం ఎంతవరకు చెబుతోందో, దాన్ని పట్టుకుని తల్లిదండ్రులు ఏం చేయవచ్చో చూద్దాం.

అంగన్‌వాడీ ఒక శాఖది, బడి ఇంకో శాఖది. మా నాలుగేళ్ల పాప చదువు అసలు ఎవరి బాధ్యత?

ఇద్దరిదీ. అందుకే చాలాసార్లు ఎవరిదీ కాకుండా పోతుంది.

అంగన్‌వాడీ కేంద్రం మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ కింద నడుస్తుంది. టీచరు, ఆయా, వాళ్ల పైన సూపర్‌వైజరు, ఆ పైన శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి (సీడీపీఓ), జిల్లా అధికారి: ఇదొక వరుస. ప్రాథమిక పాఠశాలది మండల, జిల్లా విద్యాధికారుల (ఎంఈఓ, డీఈఓ) వరుస. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 55 వేలు, తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. మూడు నుంచి ఆరేళ్లలోపు పేద పిల్లలకు మొదటి బడి అదే. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఈ వయసు పిల్లల పాఠ్యప్రణాళిక, బోధన పద్ధతి బాధ్యతను విద్యాశాఖకు అప్పగించింది. కేంద్రాల నిర్వహణ మాత్రం శిశు సంక్షేమ శాఖ దగ్గరే ఉంది. అంటే మీ పాప గుడ్డు, పాల లెక్క ఒక శాఖ చూస్తుంది, ఆటపాటల పుస్తకం ఇంకో శాఖ తయారు చేస్తుంది. రెండు శాఖలను కలిపి చూడటానికి కేంద్రంలో విద్య, శిశు సంక్షేమ, ఆరోగ్య, గిరిజన వ్యవహారాల శాఖలతో ఉమ్మడి కార్యదళం వేయాలని అదే విధానపత్రం చెప్పింది. 2025 సెప్టెంబరులో విద్యాశాఖ, శిశు సంక్షేమ శాఖ కలిసి, అంగన్‌వాడీలను బడి ఆవరణల్లో నడపడంపై ఉమ్మడి మార్గదర్శకాలు కూడా విడుదల చేశాయి.

ఒకే ఆవరణలోకి చేర్చడం తేలిక. రెండు రిజిస్టర్లు, రెండు శాఖల అధికారులు, రెండు రకాల జీతాలు ఉన్నచోట ఒకే ఆలోచన తేవడం కష్టం.

చదువు ప్రాథమిక హక్కు అంటారు కదా, మూడేళ్ల పిల్లకు అది వర్తించదా?

ఒకప్పుడు వర్తించింది. ఆ కథలో మన ఉమ్మడి రాష్ట్రం పేరే ఉంది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 1993 ఫిబ్రవరి 4న సుప్రీంకోర్టు, పద్నాలుగేళ్లు నిండేదాకా ప్రతి బిడ్డకూ ఉచిత విద్య ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. పై వయసు గీసింది గాని కింది వయసు గీయలేదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చి 21ఏ అధికరణంలో ఆ హక్కును ‘ఆరు నుంచి పద్నాలుగేళ్లు’ అని కుదించింది. ఆరేళ్లలోపు పిల్లలను 45వ అధికరణానికి పంపింది. అది ఆదేశిక సూత్రం. ప్రభుత్వం ‘ప్రయత్నించాలి’ అంటుందే తప్ప, దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకెక్కే వీలివ్వదు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టమూ అదే దారిన నడిచింది. సెక్షన్ 11 ప్రకారం మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య కోసం ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’. ‘చేయాలి’ అని లేదు. జస్టిస్ ఏపీ షా అధ్యక్షతన లా కమిషన్ 2015లో ఇచ్చిన 259వ నివేదిక ఈ సెక్షన్‌ను తప్పనిసరి చేయాలనీ, శిశు వికాసానికి చట్టబద్ధమైన సంస్థ ఒకటి ఉండాలనీ సిఫార్సు చేసింది. సెక్షన్ ఇప్పటికీ పాత మాటల్లోనే ఉంది. ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా పూర్తవుతుందని జాతీయ విద్యావిధానం రాసుకున్న దేశంలో ఇది సమర్థించుకోలేని వైరుధ్యం.

ఒక్క ఊరట ఉంది. 2022 ఏప్రిల్‌లో అంగన్‌వాడీ సిబ్బంది గ్రాట్యుటీపై వచ్చిన మణిబెన్ భరియా కేసులో సుప్రీంకోర్టు, ఆహార భద్రత చట్టం, విద్యాహక్కు చట్టం సెక్షన్ 11 రెండింటినీ చూపి, అంగన్‌వాడీలు చట్టబద్ధమైన విధులు నిర్వర్తిస్తున్నాయని చెప్పింది. అంగన్‌వాడీని తిండి పెట్టే చోటుగా మాత్రమే చూసే అధికారికి ఆ తీర్పు చూపించవచ్చు.

రాష్ట్ర స్థాయిలో పసిపిల్లల చదువు తెలిసినవాళ్లు ఉండి తీరాలని ఎక్కడైనా రాసి ఉందా?

ఉంది. చాలామంది కంటపడనిది ఇదే.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 34 ప్రతి రాష్ట్రం ఒక రాష్ట్ర సలహా మండలిని నోటిఫికేషన్ ద్వారా ఏర్పాటు చేయాలంటుంది. సభ్యులు పదిహేను మందికి మించకూడదు. వాళ్లను ‘ప్రాథమిక విద్యలోనూ శిశు వికాసంలోనూ పరిజ్ఞానం, ఆచరణలో అనుభవం’ ఉన్నవారి నుంచే నియమించాలి. ‘శిశు వికాసం’ అన్న మాట మూల చట్టంలోనే ఉందని గమనించండి. చట్టం వెంట కేంద్రం తయారుచేసి రాష్ట్రాలకు పంపిన నమూనా నియమాలు ఇంకా స్పష్టంగా మాట్లాడతాయి: మండలిలో ఒక సభ్యుడు లేదా సభ్యురాలు పూర్వ ప్రాథమిక విద్యలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారై ఉండాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విద్య తెలిసినవారికి వేరే చోటు ఉంది. ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ వర్గాల నుంచి కనీసం నలుగురు ఉండాలి. సభ్యుల్లో మహిళలకూ నిర్ణీత వాటా ఉండాలి. అధ్యక్ష స్థానం పాఠశాల విద్యాశాఖ మంత్రిది.

రెండో చోటు బాలల హక్కుల పరిరక్షణ కమిషన్. 2005 నాటి చట్టం ప్రకారం రాష్ట్ర కమిషన్‌లో ఛైర్‌పర్సన్, ఆరుగురు సభ్యులు ఉంటారు. సభ్యులను ఏ రంగాల నుంచి తీసుకోవాలో సెక్షన్ 17 చెబుతుంది. విద్య, పిల్లల ఆరోగ్యం లేదా శిశు వికాసం, బాలల మనస్తత్వ శాస్త్రం అందులో ఉన్నాయి. విద్యాహక్కు చట్టం అమలును పర్యవేక్షించే పనీ ఈ కమిషన్‌దే.

మూడోది అన్నిటికంటే కిందిది, మీ బడిలోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన విద్యాహక్కు నియమాలు పాఠశాల యాజమాన్య కమిటీలో అంగన్‌వాడీ కార్యకర్తను పదవి రీత్యా సభ్యురాలిని చేశాయి. ఏఎన్‌ఎం, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు కూడా అందులో ఉంటారు. సమావేశానికి ఆమెను పిలుస్తున్నారా, రిజిస్టరులో సంతకం పెట్టించుకోవడానికే గుర్తుచేసుకుంటున్నారా అన్నది మీరే చూడాలి.

వీటికి తోడు 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్య విధానం రాష్ట్ర స్థాయి మండళ్లు వేయమంది. అది విధానం, చట్టం కాదు. అడగడానికి ఆధారంగా పనికొస్తుంది, కోర్టులో దాని బరువు తక్కువ.

నిపుణులంటే ఎవరు? అనుభవం ఉన్న ఐఏఎస్ అధికారో, వంద స్కూళ్లు నడిపే యజమానో చాలరా?

చాలరు. చట్టం అడిగింది పరిజ్ఞానం, ఆచరణలో అనుభవం, రెండూ. వంద బ్రాంచీల్లో ఎల్‌కేజీ సెక్షన్లు తెరవడం వ్యాపార అనుభవం అవుతుంది. పెన్సిలు పట్టుకోవడానికి వేళ్లు ఇంకా సిద్ధం కాని పిల్లతో మూడు గంటలు గడిపిన అనుభవం వేరు.

ఈ అర్హత గాల్లోంచి ఊడిపడేది కాదు. పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయులకు ఇంటర్‌తో పాటు రెండేళ్ల డిప్లొమా ఉండాలని 2014లోనే జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి కనీస అర్హతల్లో పెట్టింది. మన రెండు రాష్ట్రాల్లో శిశు వికాసాన్ని ఒక శాస్త్రంగా బోధించేవాళ్లు దశాబ్దాలుగా ఉన్నారు. వాళ్లు ఎక్కువగా కనిపించేది బీఎడ్ కాలేజీల్లో కాదు, హోమ్‌సైన్స్ విభాగాల్లో. హైదరాబాద్ సైఫాబాద్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి హోమ్‌సైన్స్ కళాశాల (ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ కళాశాల), తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం అలాంటివే. విద్యాశాఖ కమిటీ వేయాల్సి వచ్చినప్పుడు తన శాఖ ఫైళ్లలోనే పేర్లు వెతుకుతుంది కాబట్టి వాళ్లు జాబితాకెక్కరు. ఇరవై ఏళ్లు అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా ఊళ్లు తిరిగినావిడ పేరు అసలే రాదు. నన్నడిగితే, ప్రొఫెసరు కంటే ముందు ఆమెను కూర్చోబెట్టాలి.

తెలంగాణలో విద్యా కమిషన్ ఉంది కదా, అది చాలదా?

2024 సెప్టెంబరులో ఆకునూరి మురళి ఛైర్మన్‌గా వేసిన ఆ కమిషన్‌కు పూర్వ ప్రాథమికం నుంచి విశ్వవిద్యాలయం దాకా విధానం రూపొందించే పని అప్పగించారు. పరిధిలో పసిపిల్లలు ఉండటం మంచిదే. అయితే అది ప్రభుత్వం వేసిన కమిషన్. సెక్షన్ 34 మండలి చట్టం ఉండమన్నది. ఒకటి ఉందని రెండోదాన్ని మరిచిపోవడానికి లేదు.

ఒక్క నిపుణుడు కూర్చున్నంత మాత్రాన ఏం మారుతుంది?

మండలి పని సలహా ఇవ్వడమే, ప్రభుత్వం ఆ సలహా వినకపోవచ్చు. అయినా ఆ చోటు ఖాళీగా ఉంటే ఏ ప్రశ్నలు రాకుండా పోతాయో చూడండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22లో బడులను ఆరు రకాలుగా విడదీశారు. అంగన్‌వాడీలకు శాటిలైట్ ఫౌండేషన్ బడులని పేరు పెట్టి పీపీ-1, పీపీ-2 (పూర్వ ప్రాథమిక) తరగతులన్నారు. ఒకటి, రెండు తరగతులతో కలిపినవాటిని ఫౌండేషన్ బడులన్నారు. మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల దగ్గరి హైస్కూళ్లకు మార్చారు. 2022లో దీని వెంట వచ్చిన 117 జీవోపై తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పారు. 2025లో ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి బడులను మళ్లీ తొమ్మిది రకాలుగా సర్దింది. ఇన్ని సర్దుబాట్లలో చర్చ అంతా టీచర్ల పోస్టులు, కిలోమీటర్లు, పిల్లల సంఖ్య చుట్టూ తిరిగింది. శిశు విద్య తెలిసిన మనిషి అక్కడ ఉంటే అడిగే ప్రశ్నలు వేరు. నాలుగేళ్ల పిల్ల మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటుంది? మరుగుదొడ్డి ఆమె ఎత్తుకు సరిపోతుందా? పీపీ-2లో అంగన్‌వాడీ టీచరు ఆటలతో నేర్పినదాన్ని ఒకటో తరగతి టీచరు పలక మీద అచ్చులతో మళ్లీ మొదలుపెడుతుందా, లేక అక్కడి నుంచి అందుకుంటుందా? ఇద్దరికీ కలిపి ఒక్కరోజైనా శిక్షణ ఇచ్చారా?

ఒకటో తరగతి వయసూ ఇలాంటిదే. ఆరేళ్లు నిండాకే ఒకటో తరగతిలో చేర్చుకోవాలని కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలను పదే పదే కోరుతోంది. ఐదు నిండితే ఒకటిలో వేయడం మన దగ్గర అలవాటు. వయసు ఒక్క ఏడాది పెంచితే ఆ ఏడాది పిల్ల ఎక్కడుండాలి, అంగన్‌వాడీలో చోటుందా, లేకపోతే ఆ ఏడాది ఫీజు ప్రైవేటు బడికి ఆదాయం కాదా? చేర్చుకునే తేదీ మార్చడం ఒక్క ఉత్తర్వుతో అయిపోతుంది. ఈ లెక్కలు వేయడానికి మాత్రం ఎవరో ఒకరు కావాలి.

ఇక పుస్తకాల బరువు. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలే వద్దంటుంది. ఇంటి భాషలో మాట, కథ, పాట, ఆట ముందంటుంది. మన ఎల్‌కేజీ పిల్లల బ్యాగు తెరిచి చూస్తే ఆ చట్రం ఏ గ్రహానికి రాశారో అనిపిస్తుంది. చట్రం కాగితం మీద ఉంది. బ్యాగు పిల్ల వీపు మీద ఉంది.

ఎల్‌కేజీలో సీటుకు మా పాపకు పరీక్ష పెట్టారు, మమ్మల్నీ ఇంటర్వ్యూ చేశారు. ఫిర్యాదు చేయవచ్చా?

ఒకటో తరగతి అయితే సూటిగా చేయవచ్చు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 13 పిల్లకు గాని తల్లిదండ్రులకు గాని ఎలాంటి వడపోతా పెట్టకూడదంటుంది. మొదటిసారి ఉల్లంఘిస్తే రూ.25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ రూ.50 వేల దాకా జరిమానా.

ఎల్‌కేజీ దగ్గర చిక్కుంది. ఈ చట్టంలో ‘బిడ్డ’ అంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసు. 2013లో ఢిల్లీ హైకోర్టు ఇదే కారణంతో, ప్రైవేటు బడుల నర్సరీ ప్రవేశాల్లో పేద, బలహీన వర్గాల పిల్లల 25 శాతం కోటాకు తప్ప మిగతా సీట్లకు సెక్షన్ 13 వర్తించదంది. చట్టాన్ని సవరించే సంగతి ఆలోచించమని ప్రభుత్వానికి సూచించింది. కోటా సంగతికొస్తే, బడిలో పూర్వ ప్రాథమిక తరగతులుంటే 25 శాతం నియమం అక్కడి నుంచే వర్తించాలని సెక్షన్ 12 చెబుతుంది. ఆంధ్రప్రదేశ్ 2022-23 నుంచి ఒకటో తరగతిలో దీన్ని అమలు చేస్తోంది. ‘బడి ఎల్‌కేజీతోనే మొదలవుతుంటే కోటా ఒకటో తరగతి దగ్గర ఎందుకు మొదలవుతోంది?’ అన్నది తల్లిదండ్రులు గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

విడిగా నడిచే ప్లేస్కూళ్లకు జాతీయ బాలల హక్కుల కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. మూడేళ్లు నిండని పిల్లలను చేర్చుకోకూడదు, ఇరవై మందికి ఒక టీచరు ఉండాలి, గుర్తింపు తీసుకోవాలి. అవి మార్గదర్శకాలు మాత్రమే. అయినా సీడీపీఓకు రాసే ఫిర్యాదులో వాటిని ఉటంకించండి.

మా వాడలో అంగన్‌వాడీయే లేదు. ఎవరిని అడగాలి?

సీడీపీఓకు రాతపూర్వకంగా. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో, ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి కేంద్రం లేని పల్లె లేదా మురికివాడ కోరితే మూడు నెలల్లోపు అంగన్‌వాడీ ఇవ్వాలని ఆదేశించింది. పిల్లల పేర్లు, వయసులు జతచేసి, రసీదు తీసుకోండి.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ఓటరు జాబితా పనికి, సర్వేలకు పంపుతుంటారు. బడి టీచర్లకున్న రక్షణ మాకు లేదా?

లేదు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయులను పంపకూడదన్న విద్యాహక్కు చట్టం సెక్షన్ 27 బడి టీచర్ల వరకే. మీకు దక్కినవి వేరే. మణిబెన్ తీర్పు మీకు గ్రాట్యుటీ హక్కు ఇచ్చింది. ఇంటర్, అంతకు పైన చదివినవారికి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలని జాతీయ విద్యావిధానం చెప్పింది. 2023 మేలో మొదలైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణతో పాటు చదువు) కార్యక్రమం కింద శిక్షణ జరుగుతోంది. ఆ కోర్సులు పూర్తిచేస్తే ధ్రువపత్రం జాగ్రత్త చేసుకోండి. రేపు నిపుణులెవరన్న ప్రశ్న వచ్చినప్పుడు మీ అనుభవం పక్కన ఆ కాగితం ఉండాలి. యాజమాన్య కమిటీ సమావేశానికి పిలుపు రాకపోతే హెడ్మాస్టరుకు రాసి అడగండి. అక్కడ మీరు అతిథి కారు, సభ్యులు.

మా రాష్ట్ర సలహా మండలిలో పూర్వ ప్రాథమిక విద్య చోటులో ఎవరున్నారో ఎలా తెలుస్తుంది?

సమాచార హక్కు చట్టం ద్వారా. సెక్షన్ 4 కింద ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన సలహా మండళ్ల, కమిటీల వివరాలను, వాటి సమావేశాలకు ప్రజలు వెళ్లవచ్చా, మినిట్స్ చూడవచ్చా అన్న సంగతిని తనంతట తానే ప్రకటించాలి. ప్రకటించకపోతే పాఠశాల విద్యాశాఖలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. ఇలా రాస్తే చాలు:

‘విద్యాహక్కు చట్టం సెక్షన్ 34 కింద ఏర్పాటైన రాష్ట్ర సలహా మండలి నోటిఫికేషన్ ప్రతి, ప్రస్తుత సభ్యుల పేర్లు, ఒక్కొక్కరిని ఏ అర్హత కింద నియమించారో చూపే పత్రాలు, గత మూడేళ్లలో జరిగిన సమావేశాల తేదీలు, మినిట్స్ ప్రతులు ఇవ్వగలరు. పూర్వ ప్రాథమిక విద్యలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న సభ్యుని వివరాలు విడిగా చూపగలరు.’

‘ఎందుకు నియమించలేదు?’ అని మాత్రం రాయకండి. చట్టం ఉన్న పత్రాలిమ్మంటుంది గాని సంజాయిషీ ఇమ్మనదు. ఆ వంకతో దరఖాస్తు తిప్పికొడతారు. నియామక పత్రం అడిగితే, అది లేదన్న జవాబే మీకు రుజువవుతుంది. ఆ జవాబు జతచేసి బాలల హక్కుల కమిషన్‌కు రాయండి, మీ ఎమ్మెల్యేకు ఒక ప్రతి ఇవ్వండి.

రాష్ట్ర కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు రుసుము రూ.10, కోర్టు ఫీజు స్టాంపుగా అంటించవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది సరిపోకపోయినా మరో ముప్పై రోజుల్లోపు అదే శాఖలోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు.